పైఅరలో పెడితే పిల్లలకు అందదా?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో తుపాకీ ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరును కాల్చి చంపాక భయపడి కొన్నవాళ్లున్నారు. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగల ముఠాలు కన్నేశాయని తెలిసి కొన్నవాళ్లున్నారు. గ్రీన్‌కార్డు వచ్చాక కొన్నవాళ్లు, హెచ్1బీ మీద ఉండగానే వేట లైసెన్సు తీసుకుని మరీ కొన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం ఉత్తది కాదు కాబట్టి కొనడం తప్పని నేను వాదించబోవడం లేదు. కొన్నాక వాళ్లు చెప్పే మాటలతోనే నా గొడవంతా. "తాళం వేసిపెట్టిన తుపాకీ వేళకు అక్కరకు రాదండీ. అయినా అదెక్కడుందో మా పిల్లలకు తెలియదు. తెలిసినా ముట్టుకోరు, గట్టిగా చెప్పి ఉంచాం." ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

తెలియదన్న మాటే ముందు చూద్దాం. అలబామా పల్లె ప్రాంతంలో తుపాకులున్న ఇళ్ల తల్లిదండ్రులనూ, అయిదు నుంచి పద్నాలుగేళ్లలోపు వాళ్ల పిల్లలనూ విడివిడిగా అడిగి చేసిన పరిశోధన ఒకటి 2006లో అచ్చయింది. మా పిల్లలకు చోటు తెలియదన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాట తప్పని వాళ్ల పిల్లలే చెప్పారు. మావాడు ఎన్నడూ చేత్తో పట్టుకోలేదన్నవాళ్లలో 22 శాతం మందిదీ అదే కథ. పండక్కి దాచిన మిఠాయి ఏ డబ్బాలో ఉందో పసిగట్టే పిల్లలకు నాన్న అల్మరా పైఅర ఒక లెక్కా?

ఇక ముట్టుకోరన్న ధీమా. అట్లాంటాలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లలు 64 మందిని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో వదిలి, అద్దం వెనక నుంచి గమనించారు. ఒక సొరుగులో నీళ్ల తుపాకులు, ఇంకో సొరుగులో పేలకుండా చేసిన అసలు పిస్తోలు పెట్టారు. మొత్తం 29 జట్లు. 21 జట్లకు పిస్తోలు కనబడింది, 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి, 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. ముట్టుకున్నవాళ్లలో, నొక్కినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా తుపాకీ జాగ్రత్తలు అంతకుముందు ఎవరో ఒకరు నేర్పినవాళ్లే. 2001లో వచ్చిన ఈ పరిశోధన చదివాక కూడా "చెప్పాం కదా" అని ఊరుకునే తల్లిదండ్రుల్ని నేను అర్థం చేసుకోలేను. చెప్పండి, చెప్పడం మానొద్దు. కానీ ఆ బరువంతా ఎనిమిదేళ్ల బుర్ర మీద వేసి మీరు నిద్రపోకండి. 2020లో ఆ దేశంలో ఏడాది నుంచి పంతొమ్మిదేళ్లలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకీయే అయింది. రోడ్డు ప్రమాదాలు కూడా దాని తర్వాతే.

అందరూ గట్టిగా పట్టుకు వేలాడేది మొదటి మాటని. అర్ధరాత్రి కింద అద్దం భళ్లున పగిలితే తాళంచెవి వెతుక్కుంటూ కూర్చోవాలా అంటారు. అమెరికా సుప్రీంకోర్టు 2008 తీర్పునూ తోడు తెస్తారు. ఇంట్లో తుపాకీని విడదీసి గానీ ట్రిగ్గర్‌కు తాళం బిగించి గానీ ఉంచాలన్న వాషింగ్టన్ డీసీ చట్టాన్ని కోర్టు అప్పుడు కొట్టేసిన మాట నిజమే. ప్రమాదాలు జరక్కుండా తుపాకుల్ని భద్రపరచాలనే చట్టాలను తాము తప్పుపట్టడం లేదని అదే తీర్పులో ఉన్న మాట మాత్రం వీళ్ల నోట రాదు.

అసలు ఆ తాళంచెవి బొమ్మే పాతకాలం నాటిది. ఇప్పుడు పిస్తోలు కోసం లావుపాటి పుస్తకమంత ఉక్కు పెట్టెలు దొరుకుతున్నాయి. మంచం చట్రానికో గోడకో బోల్టులతో బిగిస్తారు. బ్యాటరీ అక్కర్లేని బటన్లుంటాయి. వరస వేళ్లకు అలవాటైతే చీకట్లో తడిమి నొక్కేయొచ్చు, గడియ వదులుతుంది. కొద్ది సెకన్ల పని. సొరుగు లాగి బనీన్ల కింద వెతుక్కోవడానికీ అంతే పడుతుంది. వేలిముద్రతో తెరుచుకునేవి కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వేరే వేలిముద్రలకూ తెరుచుకుంటున్నాయని 2023 అక్టోబరులో ఒక కంపెనీ 61 వేల పెట్టెలను వెనక్కి పిలవాల్సి వచ్చింది.

తుపాకీ అందుబాటులో ఉండాల్సింది మీ చేతికి. ఆరు నెలల వీసా మీద వచ్చి మనవల్ని చూసుకుంటున్న అత్తయ్యగారు జండూబామ్ కోసం మంచం పక్క సొరుగు తెరిస్తే ఆవిడ చేతికి కాదు. మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ ఆ సొరుగులోని తుపాకీ ఎవర్ని కాపాడుతోంది? బంగారాన్ని బ్యాంకు లాకర్లో పెట్టి, దాని కోసం కొన్న పిస్తోలును బట్టల మధ్య దాచే ఇంటి పెద్దకు ఈ ప్రశ్న తట్టకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఈ నిర్లక్ష్యం ఎంతదూరం పోతుందో 2021 నవంబరు 30న మిచిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో చూశాం. కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. కాల్చినవాడికి పదిహేనేళ్లు. వాడి ఇంట్లో వెతికిన పోలీసులకు ఆ తుపాకీకి వేయాల్సిన కేబుల్ తాళం ప్యాకెట్టు కూడా విప్పకుండా దొరికింది. వేరే తుపాకులున్న సేఫ్‌కు కోడ్ మూడు సున్నాలు. వాడి తల్లినీ తండ్రినీ 2024లో విడివిడిగా దోషులుగా తేల్చి, పదేళ్లకు తగ్గకుండా పదిహేనేళ్ల దాకా జైలు వేశారు. లైసెన్సున్న దుకాణం అమ్మే ప్రతి పిస్తోలుతో తాళమో, భద్రపరిచే సాధనమో ఇవ్వాలని ఆ దేశంలో చట్టమే ఉంది. దొరకలేదన్న సాకు ఎవరికీ లేదు.

ఎదిగిన పిల్లలున్న ఇంటికి ఆ ఉక్కు పెట్టె కూడా చాలకపోవచ్చు. ఫోన్ పాస్‌వర్డులు ఊహించే వయసు వాళ్లది, పుట్టినరోజు తేదీలు కోడ్‌గా పనికిరావు. గుళ్లు తీసేసి, తుపాకీకి తాళం వేసి, గుళ్లను వేరేచోట తాళంలో పెట్టిన ఇళ్లలో పిల్లల ఆత్మహత్యలు, ప్రమాదాలు తక్కువని 2005లో వచ్చిన పరిశోధన చూపింది. బిడ్డ దిగులుగా ఉన్నాడని, మాట తగ్గించాడని అనిపిస్తే తుపాకీ ఆ ఇంట్లోనే ఉండకూడదు. ఆ చీకటి గడియ చాలాసార్లు త్వరగానే దాటిపోతుంది, దాటేదాకా ప్రాణం నిలవాలి. తుపాకీని కొన్నాళ్లు ఎక్కడ అప్పగించవచ్చో దగ్గర్లోని పోలీసుల్నో ఆయుధాల దుకాణాన్నో అడిగితే చెబుతారు. దొంగ భయం అప్పటికి పక్కన పెట్టండి.

శనివారం పాట్‌లక్ అంటే మన ఇళ్లలో పద్ధతి ఒకటే. పెద్దవాళ్లు బేస్‌మెంట్లో, పిల్లలంతా మేడమీద, పడకగదుల తలుపులు బార్లా. పిల్లల్ని పంపేముందు ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి అడగండి. తుపాకీ ఉందా, తాళంలో ఉందా, తాళం ఎవరి చేతిలో ఉంది? "మా పిల్లలు ముట్టుకోరులే వదినా" అన్న జవాబొస్తే, ఈసారి పాట్‌లక్ మీ ఇంట్లోనే పెట్టండి.