ఇంటికి రంగులు మనమే వేసుకుందామా?



క్రిస్మస్ దగ్గరపడితే మన నల్గొండ పల్లెల్లో ప్రతి ఇంట్లో ఇదే మాట. ఈసారి రంగులు మనమే వేసుకుందామా, పనోళ్లను పిలుద్దామా? పోయిన ఏడు మేము, మా ఇంటివారు, పిల్లలు కలిసి ముందు గదికి మేమే వేసుకున్నాము. సంక్రాంతి రాకముందే రంగు పెచ్చులుగా లేచింది.

తప్పు రంగుది కాదు, మాది. ఆ గోడకు ఏండ్ల తరబడి వేసిన సున్నం ఉంది. చేత్తో రాస్తే అరచేతికి తెల్లగా అంటుతుంది. అటువంటి గోడ మీద కొత్త రంగు వేస్తే అది పొడిని పట్టుకుంటుంది గాని గోడను పట్టుకోదు. ముందు గీకాలి, లప్పం పెట్టాలి, గరుకు కాగితంతో రుద్దాలి, ప్రైమర్ వేసి ఆరనివ్వాలి. లేవీయకాండము 14లో కూడా పొడ పుట్టిన ఇంటిని ముందు లోపల చుట్టూ గీకించి, తరువాతే కొత్త అడుసు పూయమన్నాడు యాజకుడు. ఆ భాగం మీద వాక్యం చెప్పినవాళ్లమే, కుంచె చేతిలో ఉన్నప్పుడు గుర్తుకు రాలేదు!

కాబట్టి మా అభిప్రాయం ఇది. గోడ గట్టిగా ఉండి, పాత రంగు లేవకుండా ఉంటే యవ్వనస్థులను కూడగట్టుకొని మీరే వేసుకోండి. చెమ్మ ఎక్కిన గోడ, నిచ్చెన వేయాల్సిన పైకప్పు ఉంటే పని తెలిసినవారిని పిలవండి. తలుపులు, కిటికీల పాత ఆయిల్ పెయింట్ విషయంలో మరీ జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండే అమలయింది. అంతకు ముందటి రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ములో సీసం ఉండవచ్చు. అది చిన్నపిల్లలకు, గర్భిణులకు హాని. తడిపి రుద్దాలి, వాళ్లను ఆ గదికి దూరంగా ఉంచాలి.

ఇక మా మనసును గుచ్చిన సంగతి. పెచ్చులు లేచాక మన సంఘంలోని ఒక పెయింటర్ సహోదరుణ్ణి పిలిచాము. నాలుగు రోజులు చేశాడు. కూలి ఎంత అంటే "మీ ఇష్టం అయ్యగారూ" అన్నాడు. ఆ మాటను భక్తి అనుకొని, భోజనం పెట్టి, ప్రార్థన చేసి, బయట ఇచ్చేదాంట్లో సగం చేతిలో పెట్టాము. ఆ వారం పట్నంలో దొరికిన పని వదులుకొని మా దగ్గరికి వచ్చాడని తరువాత తెలిసింది. సూర్యుడు అస్తమించక ముందే కూలి ఇయ్యమన్న ద్వితీయోపదేశకాండము 24:15 ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనియ్యలేదు. తెల్లారి మిగతా డబ్బు పట్టుకొని వాళ్లింటికి పోయాము. అతను వద్దన్నాడు. అతని భార్య మాత్రం తల వంచుకొని తీసుకుంది. అప్పుడు అర్థమైంది మాకు.

"దేవుని పని" అనే మాటతో పాస్టర్లము, పెద్దలము పేదవాని కూలి ఎంత మిగుల్చుకుంటున్నామో! ఉచితంగా చేస్తానని అతనే ముందుకొస్తే అది కానుక. మనం అడగలేని మొహమాటంలో పెట్టి చేయించుకుంటే కాదు.

ఈ ఏడు వంటగదికి వేయించాలి. అతన్నే పిలిచాము. రోజు కూలి ఎంతో ముందే చెప్పించి, కాగితం మీద రాశాము. చూసి నవ్వాడు. సోమవారం పొద్దున వస్తానన్నాడు.