నలభై వేల చాకు, కమ్మరి కొడవలి

బౌరంపేట్‌లో మా పక్క విల్లా మిత్రుడు ఈమధ్య అమెరికా నుంచి ఒక మడత చాకు తెప్పించుకున్నాడు. క్రిస్ రీవ్ కంపెనీ వాళ్ళ సెబెంజా. అక్కడే 400 డాలర్లు దాటుతుంది, ఖర్చులన్నీ కలిపి తనకు 40 వేల పైనే పడిందట. తెరిచి, మూసి, "విన్నావా ఆ చప్పుడు?" అన్నాడు. విన్నాను, బాగుంది. తర్వాత దాంతో డెలివరీ డబ్బా టేపు కోశాడు. ఆ టేపుని నా జేబులోని విక్టోరినాక్స్ కూడా అంతే సులువుగా కోస్తుంది.

ఒక మాట ముందే ఒప్పుకుంటా. ఖరీదైన చాకులో సరుకుంది. పౌడర్ ఉక్కు పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. టైటానియం పిడి తుప్పు పట్టదు. భాగాలు వెంట్రుకవాసి తేడా లేకుండా అతుకుతాయి. కానీ ధర ఇరవై రెట్లయితే కోత కూడా ఇరవై రెట్లవుతుందా? కాదు. పైగా ఆ గట్టి ఉక్కు ఒకసారి మొద్దుబారిందా, సాన పట్టడానికి డైమండ్ రాయి కావాలి. స్విస్ సైనికులకి 1891 నుంచి చాకులు చేసిస్తున్న విక్టోరినాక్స్ వాళ్ళది మెత్తటి ఉక్కు. కాఫీ కప్పు తిరగేసి, అడుగున గరుకుగా ఉండే అంచు మీద నాలుగుసార్లు గీస్తే చాలు, మళ్ళీ దారిలో పడుతుంది. పదును అనేది కొనుక్కునేది కాదు, పట్టుకునేది.

ఇదంతా చెప్తే మిత్రుడు, "నేను చేతిపనికి డబ్బు పెడుతున్నా బాస్" అన్నాడు. నా గొడవంతా ఈ మాటతోనే. సెబెంజా గొప్పతనం కంప్యూటర్ మిషన్ల కచ్చితత్వంలో ఉంది. అది తప్పేం కాదు, కానీ దాన్ని కొలిమి పనిలా చెప్పుకోకూడదు. అసలైన చేతిపని చూడాలంటే మేడ్చల్ వైపు వెళ్తే చాలు. లారీ కమాన్ పట్టీని ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీసి, నీళ్ళలో ముంచి కొడవలి చేసే కమ్మరి రోడ్డు పక్కనే కనిపిస్తాడు. తోట పనికని మేమిద్దరం వెళ్ళాం. ఆయన 250 అన్నాడు. 40 వేలకి కిక్కురుమనని మా వాడు అక్కడ 150కి బేరం మొదలుపెట్టాడు!

ఇప్పుడు మా వాడి కన్ను డమాస్కస్ చాకు మీద పడింది, అలలు అలలుగా గీతలుంటాయే, అది. ఇప్పుడు ఆ పేరుతో దొరికేవి చాలావరకు రెండు రకాల ఉక్కుని పొరలుగా అతికి, యాసిడ్‌లో ముంచి గీతలు తేల్చినవే. పాతకాలపు డమాస్కస్ కత్తుల ఉక్కు మూసల్లో కరిగించినది. అది తయారైన చోట్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. సర్వే పనిలో హైదరాబాద్ వైపు వచ్చిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ 1824లో చనిపోయాడు. అక్కడి మూసలు, కొలుముల గురించి ఆయన రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ ఉక్కు కొనుక్కుంటున్న పర్షియన్ వర్తకుడు కూడా అందులో కనిపిస్తాడు. అంటే ఇక్కడి కమ్మరి చేతిని నమ్మి అంత దూరం నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. మనం గేటెడ్ కమ్యూనిటీ గేటు దాటి కొలిమి దాకా వెళ్ళి, వంద తగ్గించమంటున్నాం.

"సరదాకి కొన్నాను, నీకేంటి?" అని అడగొచ్చు. నాకేం లేదు. సరదా అంటే సరదా అనే అనండి, మీ డబ్బు మీ ఇష్టం. చప్పుడు నచ్చి కొన్నానంటే ఒక్క మాట అనను. అదే ధరని హస్తకళ మీద గౌరవం అంటేనే ఒప్పుకోను. ఆ గౌరవం నిజమైతే కొలిమి దగ్గర కూడా కనబడాలి కదా. చెమటోడ్చి కొట్టిన ఇనుముకి బ్రాండ్ లేదు, పెట్టె లేదు, తెరిచినప్పుడు టక్‌మనే చప్పుడు లేదు. అందుకే అది మన కంటికి చవక.

ఆ రోజు కొడవలికి 250 నేనే ఇచ్చాను. మా వాడు దారంతా, "మోసపోయావ్‌రా" అంటూనే ఉన్నాడు. జేబులో ఆ 40 వేల చాకు టక్‌మంటూనే ఉంది.