ఫోటోలో పెట్టిన తెలుగు ఎవరికి వినిపిస్తుంది?



చూపులేని మన పిల్లలకి కంప్యూటర్‌ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొనాలని చందాలు ఎత్తుతున్నాం. మంచి పనే. కానీ ఎన్‌వీడీఏ అనేది ఉచితంగానే దొరుకుతుంది కదా! 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ దాన్ని మొదలుపెట్టారు. ఆయనకీ చూపు లేదు. విండోస్ కంప్యూటర్లో నడుస్తుంది. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగూ చదువుతుంది. గొంతు కాస్త మరబొమ్మలా ఉంటుంది, నిజమే. వినగా వినగా అలవాటవుతుంది.

మరి అడ్డం ఎవరు? మనమే!

నోటీసుని ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తాం. ఫోటోలోని తెలుగుని అది అలాగే చదవలేదు. సావనీరు అను ఫాంట్లలో కొట్టిస్తాం. కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తులు. చదవమంటే వినిపించేది గోలే. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు, పైసా ఖర్చూ లేదు.

చూపులేనివాళ్ళ సంగతే కాదు. తమిళ మీడియంలో చదివిన మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటాం. మాకూ ఆ గొంతు ఆసరాయే.

స్టేషన్లో బోర్డు ఉంది కదా అని అనౌన్స్‌మెంట్ ఆపేస్తే ఊరుకుంటామా? మన సంఘం చేస్తున్నది అదే.

వచ్చే నోటీసు నుంచి ఫోటో పెడితే కింద విషయం టైపు చెయ్యాలి. సావనీరు యూనికోడ్‌లో రావాలి. చందా డబ్బు హెడ్‌ఫోన్లకీ, నేర్పే మాస్టారికీ ఇద్దాం. కాదనేవాళ్ళు కారణం చెప్పండి. ఫోటోలో కాదు, టైపు చేసి!