వాల్వునకు దక్కని గౌరవము

జగిత్యాల నుండి కోరుట్లకు పోవు బాటలో మేడిపల్లి పరిసరములను తేరిపార చూచినవారికి, శ్రీరాంసాగరు నీటిని నమ్ముకొన్న వరిమళ్లును, వాని నడుమ బావినో బోరునో ఆశ్రయించి నిలిచిన మామిడితోటలును, పసుపు చేలును కానవచ్చును. కాలువ నీటికి తూములున్నవి, వారబందీ యున్నది. చెరువు నీటికి పూర్వము నీరటికాడు ఉండెడివాడు, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారవలెనో వాడు నిర్ణయించుచుండెను. మోటారు తోడి పోయు డ్రిప్పు నీటికి ఆ నీరటికాని స్థానమున నిలువవలసినది వాల్వు. ఆ సంగతిని మనము తగినంత గుర్తింపలేదనియే నా అభియోగము.

2003 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల పథకము ఆరంభమైన నాటినుండి మొదలుకొని, తెలంగాణ ప్రభుత్వము షెడ్యూల్డు కులముల, తెగల రైతులకు నూటికి 100, వెనుకబడిన తరగతులకును చిన్న సన్నకారు రైతులకును 90, తక్కినవారికి 80 పాళ్లు డ్రిప్పు రాయితీ ప్రకటించిన కాలము వరకును, ఈ పథకముపై పాలకులు చూపిన శ్రద్ధ మెచ్చదగినదే. అయితే ఆ శ్రద్ధ యంతయు ఎకరముల లెక్కమీదనే నిలిచినది. పంపిణీ సభలలో నల్లని పైపుచుట్టల ముందు నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనువారే గాని, గేటు వాల్వును చేతబట్టుకొని తీయించుకొన్న ప్రజాప్రతినిధిని నేనింతవరకు చూడలేదు.

ఈ ఉపేక్ష ఎంత నష్టకరమో సామాన్యమైన గుణకారమే చెప్పును. 200 లీటర్ల డ్రమ్మును బోరు పైపుక్రింద పెట్టినప్పుడు అది 100 సెకండ్లలో నిండినచో, ఆ బోరు గంటకు 7,200 లీటర్ల నీరిచ్చునన్నమాట. ఇప్పుడు ఎకరము పసుపును తీసికొందము. మీటరున్నరకొక ఎత్తుమడి, మడికొక లేటరల్ (డ్రిప్పరులుండు కొమ్మపైపు) చొప్పున పరచినచో 2,700 మీటర్ల పైపు పట్టును. 40 సెంటీమీటర్లకొక డ్రిప్పరు, డ్రిప్పరుకు గంటకు 4 లీటర్లు అనుకొన్నచో, ఆ ఎకరము ఒక్కసారిగా కోరునది ఇంచుమించు 27,000 లీటర్లు. అనగా ఆ బోరు క్రింద ఎకరము పసుపునకు నాలుగు భాగములు, నాలుగు వాల్వులు తప్పవు. అదే బోరు క్రింద 10 మీటర్ల ఎడముతో నాటిన మామిడి యున్నచో, ఎకరమునకు 40 చెట్లు, చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పరులు నాలుగు. గంటకు 1,280 లీటర్లు చాలును, ఒక్క వాల్వుతో అయిదెకరములు తడియును. పసుపునకును మామిడికిని ఇంత అంతరముండగా రెంటికిని ఎకరమునకింత అని ఒకే కొలతతో సామాను దింపుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు.

వాల్వులు చాలనిచో జరుగునదేమి? రైతు ఉన్న రెండు వాల్వులను సగము సగము తెరచి, అందరు బిడ్డలకును సమముగా పెట్టితినని తృప్తిపడును. ఒత్తిడి మాత్రము ఎక్కడను నిలువదు. లేటరళ్లకు నీరిచ్చు సబ్ మెయిన్ దగ్గరి మొక్కలు తడిసి ముద్దయగుచుండగా, లేటరల్ కొసనున్నవి వాడును; చదునైన నేలమీదనైనను ఇట్టి 16 మిల్లీమీటర్ల పైపును 60 మీటర్లకు మించి సాగదీసినచో కొసన ఒత్తిడి పడిపోవుట సహజము. అప్పుడు నింద డ్రిప్పుమీదికి పోవును, పైపులు చుట్టచుట్టి పాకలో చేరును, మడికి మరల కాలువనీరే పారును.

కొమ్మపైపులను కలుపుటలోను ఇట్టి అశ్రద్ధయే. అడుగున్నర లోతున పూడ్చు పివిసి సబ్ మెయిన్‌కు రంధ్రము చేసి, అందు రబ్బరు గ్రోమెట్ నమర్చి, దానిలో టేకాఫ్ దూర్చి లేటరల్‌ను తొడుగుట చూచుటకు సులభమే. కాని డ్రిల్లు బిట్టు గ్రోమెట్ కొలతకు సరిపడనిచో, రంధ్రము వదులై ఆ అతుకు భూమిలోపల ఏడాది పొడుగున కారుచునే యుండును, పైనున్నవానికి తెలియదు. రంధ్రము చేయునప్పుడు రాలిన ప్లాస్టిక్ రజను లోననే నిలిచిపోవును; సబ్ మెయిన్ కొసనున్న ఫ్లష్ వాల్వు తెరచి దానిని కడిగివేయక, తొందరపడి ఎండ్ క్యాపులు బిగించినచో, ఆ రజనే మొదటి తడినాడు డ్రిప్పరుల నోళ్లను మూయును. ఒక భాగము తడిసిన పిదప రెండవ వాల్వును ముందుగా తెరచి, ఆ తరువాతనే మొదటిదానిని మూయవలెనన్న చిన్న నియమమును రైతుకు చెప్పువారు అరుదు. ముందే మూసినచో మోటారు తోసిన నీటికి దారి లేక, అతుకులు పగులును, లేటరళ్లు ఊడిపడును.

కాగితముమీద డిజైనులు లేవని నేననను. అవి దస్త్రములో ఉండుట వేరు, రైతు చేతిలో నుండుట వేరు. తుది బిల్లు చెల్లింపక మునుపు అధికారి చూడవలసినది సామాను సంఖ్యను కాదు. ఏ వాల్వు ఏ మడులను తడుపునో తెలుగున గీసి యిచ్చిన చిత్రమును, మిక్కిలి దూరపు లేటరల్ కొసనున్న డ్రిప్పరు క్రింద గ్లాసు పెట్టి పట్టిన నీటిని. బోరు నీటిని వేసవిలో కొలువవలెను. వానకాలపు బోరు అందరిని మోసగించును. వాల్వులకగు ఖర్చు పైపుల ఖర్చుముందు అత్యల్పము. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానము జగిత్యాల వాకిటనే యున్నది కదా, ఊరికొక యువకునకైనను ఈ విద్యను నేర్పుట దానికి భారము కాబోదు.

ఈ కొలతలన్నియు మృగశిరలో పసుపు విత్తుటకు ముందే, సబ్ మెయిన్ కందకము తెరచి యుండగనే ముగియవలెను. దుంప మొలచిన పిదప కొత్త వాల్వు పెట్టుటకు మడిని త్రవ్వనిచ్చు రైతు మేడిపల్లిలోనే కాదు, ఎక్కడను దొరకడు.