జరిమానా కట్టేదెవరు? సొమ్ము చేరేదెవరికి?



షిఫ్టుకు పావుగంట ఆలస్యంగా వస్తే సగం రోజు కూలి కట్. కుట్టు వంకర పోతే పీసుకు ఇంత అని కట్. ఎందుకు కట్ చేశారని అడిగితే సూపర్‌వైజర్ ముఖం చిట్లిస్తాడు. ఇక్కడ అప్పీలు లేదు, స్టే లేదు, వాయిదా లేదు. ఇదే దేశంలో వేల కోట్ల జరిమానాలు పడిన కంపెనీలు కూడా ఉన్నాయి. అవి ఫోను కంపెనీలు. వాటి విషయంలో ఏం జరిగిందో తెలుసుకోవడం మనకు అవసరం.

ఫోను కంపెనీల గొడవ మనకెందుకని కొందరు అడగవచ్చు. బ్రూస్‌పేటలో రేపు పని ఉందో లేదో మేస్త్రీ చెప్పేది ఫోనులోనే. పి.ఎఫ్. డబ్బు తీసుకోవాలంటే ఓ.టి.పి. రావలసింది ఫోనుకే. సరిహద్దు అవతల ఆదోనిలోనో, గుంతకల్లులోనో ఉన్న అమ్మానాన్నల బాగోగులు తెలిసేదీ దానిలోనే. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచినప్పుడు ఆ భారం మన కూలి డబ్బుల మీదే పడింది. కనుక కంపెనీ నిబంధన తప్పితే ముందుగా నష్టపోయేది మనవంటి వాళ్ళమే.

2016 సెప్టెంబరులో రిలయన్స్ జియో సేవలు మొదలైనప్పుడు, దాని కాల్స్ తమ నెట్‌వర్క్‌లోకి రావడానికి చాలినన్ని లైన్లు ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా కంపెనీలు ఇవ్వలేదని ట్రాయ్ తేల్చింది. సర్కిల్‌కు 50 కోట్ల చొప్పున మొత్తం 3,050 కోట్ల జరిమానా వేయాలని అదే ఏడాది అక్టోబరులో సిఫారసు చేసింది. ప్రభుత్వం నోటీసులు పంపేసరికి 2021 వచ్చింది. కంపెనీలు టెలికాం వివాదాల ట్రిబ్యునల్‌కు వెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. ఆ రోజుల్లో కాల్ కలవక ఇబ్బంది పడిన వారి ఊసు ఈ కథలో ఎక్కడా లేదు.

ఇంతకంటె పెద్దది లైసెన్సు ఫీజు బాకీల వ్యవహారం. 1999 విధానం ప్రకారం కంపెనీలు తమ ఆదాయంలో వాటాను ప్రభుత్వానికి చెల్లించాలి. ఏది ఆదాయం కింద లెక్క, ఏది కాదు అన్న వివాదం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది. చివరకు 2019 అక్టోబరు 24న సుప్రీం కోర్టు ప్రభుత్వ వాదననే సమర్థించింది. అప్పటి లెక్క ప్రకారం బాకీ 92 వేల కోట్ల పైచిలుకు. అందులో అసలు సుమారు 23 వేల కోట్లే. మిగిలినదంతా వడ్డీ, జరిమానా, ఆ జరిమానా మీద వడ్డీ. 2020 సెప్టెంబరులో అదే కోర్టు పదేళ్ళ వాయిదాలకు అనుమతించింది. 2021 సెప్టెంబరులో కేంద్రం చెల్లింపులకు నాలుగేళ్ళ విరామం ఇచ్చింది. వొడాఫోన్ ఐడియా చెల్లించవలసిన బాకీల్లో కొంత భాగాన్ని ప్రభుత్వం షేర్లుగా మార్చుకుంది. 2025లో ఆ కంపెనీలో ప్రభుత్వ వాటా దాదాపు 49 శాతానికి చేరింది.

వాయిదా ఇవ్వడమే తప్పని మేము అనడం లేదు. కంపెనీ మూతపడితే రోడ్డున పడేది డైరెక్టర్లు కారు, ఉద్యోగులు. మిల్లుల గేట్లకు తాళాలు పడటం చూసిన మనకు ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. మా ప్రశ్న వేరు. కంపెనీ తప్పు చేస్తే ప్రభుత్వం జరిమానా వేస్తుంది. వసూలైతే ఖజానాకు పోతుంది, కాకుంటే షేర్లుగా మారుతుంది. నష్టపోయిన మనిషికి దక్కిందేమిటి?

దక్కవలసిన ఒక్క రూపాయి కథ కూడా వినండి. మాట్లాడుతుండగా కాల్ తెగిపోతే, ఫోను చేసిన వారికి కాల్‌కు ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా కంపెనీ చెల్లించాలని ట్రాయ్ 2015 అక్టోబరులో నిబంధన చేసింది. 2016 జనవరి 1 నుండి అమలు కావాలి. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఢిల్లీ హైకోర్టు నిబంధనను సమర్థించింది. కాని 2016 మే 11న సుప్రీం కోర్టు అది నిర్హేతుకమని కొట్టివేసింది. అసలు తప్పెవరిదో తేల్చకుండా అన్ని తెగిన కాల్స్‌కూ కంపెనీనే బాధ్యురాలిని చేయడం కుదరదన్నది అందులో ఒక ముఖ్య కారణం. ఆ మాటలో న్యాయం ఉంటే ఉండవచ్చు. అలాగైతే తప్పెవరిదో తేల్చే పద్ధతి పెట్టి మళ్ళీ నిబంధన తేవలసింది. ఆ పని జరగలేదు.

2024 ఆగస్టులో ట్రాయ్ తెచ్చిన నిబంధనల్లో మాత్రం ఒక మంచి అంశం ఉంది. ఒక జిల్లాలో 24 గంటలకు మించి సేవలు ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలి. నష్టపోయిన వానికే పరిహారం చెల్లించడం సాధ్యమని దీన్నిబట్టి తేలుతున్నది.

ఈ సూత్రం కార్మిక చట్టానికి కొత్త కాదు. 1936 వేతనాల చెల్లింపు చట్టం ఏం చెప్పిందో చూడండి. ముందుగా నోటీసు బోర్డులో పెట్టిన తప్పులకే జరిమానా వేయాలి. కార్మికుని సంజాయిషీ వినాలి. జరిమానా ఆ వేతన కాలపు జీతంలో 3 శాతానికి మించరాదు. అన్నిటికంటె ముఖ్యం, అలా వసూలైన ప్రతి పైసా రిజిస్టరులో రాసి, కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి. యజమాని జేబులో వేసుకోరాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌పై కార్మిక సంఘాలకు ఎన్నో అభ్యంతరాలున్నా, ఈ రక్షణ అందులోనూ నిలిచింది. ఇక ఆలస్యానికి కోత అన్నది వేరు. పని చేయని సమయానికి తగినంతే కోయాలి. పావుగంటకు సగం రోజు కోయడం దోపిడీ.

అందుచేత మేము రెండు మాటలు అంటున్నాం. ఫోను కంపెనీల నుండి వసూలయ్యే జరిమానాల్లో ఒక భాగం నష్టపోయిన వాడుకదారులకు చేరేలా కేంద్రం నిబంధన తేవాలి. రెండోది మన చేతిలోని పని. ఈ నెల జీతం అందుకునేటప్పుడు ప్రతి ఒక్కరూ కట్ చేసిన సొమ్ముకు కారణం అడగండి. జరిమానా రిజిస్టరు చూపమనండి. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో అడగండి. ఒక్కరు అడిగితే బెదిరిస్తారు. షిఫ్టు మొత్తం అడిగితే రిజిస్టరు బయటికి వస్తుంది. చూపని చోట కట్ వివరాలు తేదీలతో సహా రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. లేబర్ ఆఫీసరు దగ్గరకు కలిసే వెళదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!