మీరు చూశారా, విన్నారా?

పోయిన వేసవిలో నాకో వింత అలవాటు పట్టుకుంది. అమెరికాలోని ఓక్లహోమాలో సాయంత్రం ఆరైతే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. మే నెలలో అక్కడ ఉరుముల మేఘాలు కమ్ముకునే వేళ అది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అక్కడి హామ్ రేడియో వాళ్ల మాటలు ఇంటర్నెట్‌లో వినేవాణ్ణి. "ఏముందిరా అందులో? సగం సేపు నిశ్శబ్దమేగా!" అన్నాడు మా రూమ్మేట్. నిజమే. నాకు నచ్చింది ఆ నిశ్శబ్దమే.

అమెరికా జాతీయ వాతావరణ సంస్థకు స్కైవార్న్ అనే కార్యక్రమం ఉంది. శిక్షణ పొందిన వాలంటీర్లు ఆకాశాన్ని గమనించి సమాచారం ఇస్తారు. వీళ్లను స్పాటర్లంటారు. వీళ్లలో చాలామంది హామ్‌లు. అంత పెద్ద రాడార్లుండగా మనిషి కన్నుతో ఏం పని? భూమి గుండ్రంగా ఉంది కదా! అర డిగ్రీ కోణంలో బయల్దేరిన రాడార్ కిరణం 100 కిలోమీటర్లు వెళ్లేసరికి నేలకు దాదాపు కిలోమీటరున్నర ఎత్తులో ఉంటుంది. దాని కింద ఏం జరుగుతోందో అక్కడున్న మనిషే చెప్పాలి.

అలాంటి మనుషులు యాభై మంది ఒకేసారి చెబితే? రిపీటర్ ఒకటే. ఇద్దరు ఒకేసారి మైక్ నొక్కితే బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది, లేదా రెండూ కలిసి గరగరమంటాయి. అందుకే 'నెట్' నడపడానికి నెట్ కంట్రోల్ అని ఒకరుంటారు. ఆయన పిలిస్తేనే మాట్లాడాలి. ఏవి చెప్పాలో కూడా ముందే చెప్పేస్తారు: టోర్నడో, గిర్రున తిరిగే మేఘం, అంగుళం, అంతకన్నా పెద్ద వడగళ్లు, గంటకు 58 మైళ్లు, అంటే 93 కిలోమీటర్లు దాటిన గాలి, వరద. "మా దగ్గర చినుకులు మొదలయ్యాయి" అంటే కుదరదు.

ఇక చెప్పే తీరు. ఎక్కడున్నారు? ఎటు చూస్తున్నారు? ఎన్ని గంటలకు చూశారు? గాలిని కొలిచారా, అంచనా వేశారా? మేఘం తిరుగుతోందా, ఊరికే కిందికి వేలాడుతోందా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. వేలాడే తునక మేఘాలను చూసి టోర్నడో అని కంగారుపడేవాళ్లు ఎక్కువ. జవాబులన్నీ వాతావరణ కార్యాలయానికి చేరతాయి. హెచ్చరిక ఇవ్వాలా వద్దా అన్నది అక్కడివాళ్ల నిర్ణయం.

ఇంత కట్టుదిట్టమైతే కొత్తవాళ్లు భయపడి నోరు విప్పరేమో అని ఒక సందేహం. కొంత నిజమే. కానీ నెట్‌లో "నాకు సరిగ్గా తెలియడం లేదు, అనుమానంగా ఉంది" అని చెప్పడం తప్పు కాదు. అనుమానాన్ని అనుమానంగా చెప్పకుండా, నిజంలా చెప్పడమే తప్పు. అడిగినప్పుడు "ఇక్కడ ఏమీ లేదు" అన్నా అది పనికొచ్చే సమాచారమే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని తాకినప్పుడు మా అమ్మమ్మ వాళ్లు అక్కడే ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లు పోయాయి. కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. ఆ రాత్రి దూరపు చుట్టం ఒకాయన ఫోన్ చేసి, "వాళ్ల వీధిలో ఇళ్లు కూలాయట" అన్నాడు. ఎవరు చూశారు? ఎప్పుడు? ఆయనకీ తెలియదు, ఎవరో చెప్పారట. అమ్మ తెల్లవార్లూ ఏడ్చింది. తీరా చూస్తే కూలింది పెరట్లో కొబ్బరి చెట్టు. ఆ 'అట' అనే ఒక్క మాట ఎంత పని చేస్తుందో నాకు ఆ రోజే తెలిసింది.

మనకు టోర్నడోలు అరుదే. కానీ తుపాన్లున్నాయి, పిడుగులున్నాయి, ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయలన్నీ నేలరాల్చే వడగళ్ల వానలున్నాయి. ఇవాళ వాటితో పాటే వాట్సాప్‌లో పాత వీడియోలూ వస్తాయి. వంద ఫార్వార్డుల మధ్య సాయం కావాలన్న ఒక్క నిజమైన మెసేజ్ మునిగిపోతుంది. రిపీటర్ మీద రెండు గొంతులు కలిసినట్టే ఇదీ.

మన దేశంలో 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. టవర్లు పడిపోయిన రోజున ఆ సెట్టే దిక్కు కావచ్చు. మన కాలేజీలో ఒక హామ్ క్లబ్ పెట్టాలని నా కోరిక. అయితే సెట్టు కొనేలోపు కూడా చేయగలిగింది ఒకటుంది. ఈసారి తుపాను రోజున గ్రూపులో ఏదైనా పెట్టేముందు చోటు, సమయం రాద్దాం. మనం చూసిందో, విన్నదో రాద్దాం. చెప్పడానికేమీ లేకపోతే మైక్ వదిలేద్దాం. ఆ ఖాళీలో మన అవసరం ఉన్నవాళ్లెవరో మాట్లాడతారు.