ఫోటోలో పెళ్లిచూపులు

పోయిన సంచికలో బాల్కనీలో కరివేపాకు పెంచుకోవడం గురించి రాశాను. ఈసారి కోళ్ల గురించి. వండుకోవడం గురించి కాదు, ముందే చెబుతున్నాను. దానికి వంటింటి పేజీ ఉంది.

మేముండే బనియాస్, అబుదాబి నుంచి అల్ ఐన్ వెళ్లే దారిలో ఉంటుంది. సిటీలో ఫ్లాట్లలో ఉండే మనవాళ్లకి ఇక్కడి విల్లాల ప్రహరీల వెనక ఏముంటుందో తెలియదు గాని, తెల్లవారుజామున అజాన్‌తో పాటు కోడికూత కూడా వినిపిస్తుంది. మా వీధి చివర ఒక ఎమిరాతీ పెద్దాయన పెరట్లో నలభై దాకా కోళ్లున్నాయి. వాటిని చూసుకునేది మన కోనసీమ మనిషే. మా చిన్నది అతన్ని "మలికిపురం బాబాయ్" అంటుంది. శనివారం వస్తే హోంవర్క్ ఎక్కడుందో దానికే తెలియదు, అక్కడే ఉంటుంది.

రెండేళ్ల క్రితం ఈ బాబాయ్ ఉద్యోగానికే ముప్పు వచ్చింది. అతని అర్బాబు ఒక బూడిదరంగు పుంజుని, అదే రంగు పెట్టల్ని రెండింటిని కొని తెచ్చాడు. అచ్చం వాన మబ్బు రంగు. అన్నీ ఆ రంగు పిల్లలే కావాలని ఆయన కోరిక. పెట్టలు పొదిగాయి, ఇరవై ఒకటో రోజుకి పదహారు పిల్లలు లేచాయి. ఈకలు దిగాక చూస్తే తొమ్మిదే బూడిదరంగు. నాలుగు నల్లవి. మూడు మాసిన తెలుపు, మీద నల్ల చుక్కలు. "గుడ్లు మార్చేశావు" అన్నాడట అర్బాబు.

"ఆయ్, మార్చి నేనేం చేసుకుంటానండీ, ఆమ్లెట్టా?" అని నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని మొహంలో రక్తం లేదు. ఊళ్లో కూతురి ఫీజు కట్టాల్సిన నెల అది.

నేను కోళ్ల డాక్టర్ని కాదు, ఆఫీసులో లెక్కలు చూసుకునేవాణ్ణి. కానీ ఈ లెక్క మనం ఇంటర్మీడియట్‌లో చదివిందే. మెండెల్ బఠానీల్లో కనిపెట్టిన సూత్రాలు జంతువులకీ వర్తిస్తాయని ఇంగ్లండులో విలియం బేట్సన్ 1902లో చూపించింది కోళ్లతోనే. పిల్లలూ, దీన్ని కాఫీ లెక్కలో చెబుతాను. నల్లకోడి అంటే వట్టి డికాక్షన్. అందులో ఒక చెంచా పాలు పడితే బూడిదరంగు. రెండు చెంచాలు పడితే ఆ మాసిన తెలుపు. బూడిదరంగు కోడి దగ్గర ఉన్నది ఒక్క చెంచా పాలే. దాన్ని పిల్లకి ఇస్తుందో లేదో బొమ్మా బొరుసూ వేసినట్టే. అమ్మా నాన్నా ఇద్దరూ అలా వేస్తే సుమారుగా నాలుగింట ఒకటి నలుపు, రెండు బూడిద, ఒకటి తెలుపు. అంటే రెండు బూడిదరంగు కోళ్లని జత కట్టినంత కాలం అన్నీ బూడిదరంగు పిల్లలు రావడమన్నది జరగదు.

మరి ఎలా వస్తాయి? పారేయమన్న ఆ చుక్కల తెల్ల పుంజుని, నల్ల పెట్టతో జత కట్టాలి. ఒకరు తప్పకుండా పాలు ఇస్తారు, ఒకరు ఎన్నటికీ ఇవ్వరు. కాగితం మీద గళ్లు గీసి అర్బాబుకి నా వచ్చీరాని అరబిక్‌లో చెప్పాను. ఆయన నమ్మలేదు, కానీ ఆగాడు. పిల్లలు పెరిగి గుడ్ల దశకి వచ్చాక ఆ జత నుంచి పదమూడు పిల్లలు లేచాయి. పదమూడూ మబ్బు రంగే. ఇప్పుడు ఆ తెల్ల పుంజుకి ఆయనే స్వయంగా గింజలు వేస్తున్నాడు.

నాకు కొంచెం తల ఎగిరింది. అసలు కథ అక్కడ మొదలైంది.

మాది భీమవరం దగ్గర పల్లె. నాన్నగారు చిన్నప్పటినుంచి ఒకే వంశం అసీలు కోళ్లని పెంచుతున్నారు. మన వైపు కోడికి రంగే పేరు. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ, మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల, ఎరుపూ బూడిదా కలిస్తే మైల. ఈ పేర్లు పుట్టింది పందెం బరిలో. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం కూడా ఉంది మనకి. పందేన్ని చట్టం ఒప్పుకోదు, 2016లో హైకోర్టు గట్టిగానే చెప్పింది, నాకూ ఆ కత్తులు చూడబుద్ధి కాదు. నాన్నగారు కూడా ఎప్పుడో మానేశారు. కోళ్లని మాత్రం మానలేదు.

తుంటి ఎముక విరిగి ఆయన మంచం పట్టినప్పుడు రెండు పుంజులు మిగిలాయి. రెండూ ఉంటే కొట్టుకు చస్తాయి, ఒకటే ఉంచాలి. "ఏది ఉంచమంటావురా?" అని వాట్సాప్‌లో ఫోటోలు పంపించారు. ఒకటి పర్ల. మెడ మీద ముత్యాలు, మిరియాలు కలిపి గుచ్చినట్టుంది. ఇంకోటి మైల, తుడుపుగుడ్డ రంగు. గల్ఫ్ పెళ్లికొడుకుల్లాగా ఫోటో చూసి ఖాయం చేసేశాను. పర్లని ఉంచమన్నాను. మైల ఆ ఆదివారం చుట్టాలకి కూరైపోయింది.

అసీలు నిదానంగా ఎదిగే జాతి. ఎనిమిది నెలలు పోయాక గాని తెలియలేదు. మెడలన్నీ అందంగానే వచ్చాయి. కానీ పుంజుపిల్లలు నడుస్తుంటే వెనకనుంచి మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. రొమ్ము సన్నం, కాలివేళ్లు వంకర. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. "నీకు నచ్చిందే కదరా" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ శనివారం బాబాయ్‌కి చెప్పాను. అతను ఒక పుంజుని పట్టుకొచ్చి మా చిన్నదాని చేతుల్లో పెట్టాడు. "కళ్లు మూసుకో పాపా. ఇప్పుడు చూడు." రొమ్ము ఎముక వెంట వేలు నడిపించాడు, కత్తి వెన్నులా తిన్నగా ఉందో లేదో. భుజాల దగ్గర వెడల్పు, తోక వైపు సన్నబడే వీపు. తొడ గట్టిదనం. కాళ్ల మధ్య దూరం. నెత్తి మీద బఠానీ గింజలు వరసగా అతికించినట్టుండే పొట్టి తురాయి. ఒంటికి అతుక్కుపోయిన కురచ ఈకలు.

"ఈకలు ఏడాదికోసారి రాలిపోతాయండీ. ఎముక రాలదు కదా" అన్నాడు.

లెక్క అక్కడే తప్పాను. రంగుని నడిపేవి కొద్ది జీన్లు, అందుకే కాగితం మీద గళ్లలో ఇముడుతుంది. ఒడ్డూ పొడుగూ ఎన్నో జీన్లు కలిస్తే వచ్చేవి, పైగా మేత, ఎండ, స్థలం కూడా అందులో కలుస్తాయి. లేత పిల్లల్ని సన్నటి కర్ర మీద పడుకోనిచ్చినా రొమ్ము ఎముక వంకరపోతుందట. తప్పంతా నీ పర్లదే కాదు అని బాబాయ్ ఓదార్పు. ఇంకో మాటా అడిగాడు: "పెట్టల్ని ఎవరు చూశారండీ?" ఎవరూ చూడలేదు. పుంజునే చూస్తాం మనం. కోళ్లలో పిల్ల ఆడదా మగదా తేల్చేది తల్లే, మనుషులకి తిరగేసి. కొన్ని రంగులైతే తల్లి నుంచి కొడుకులకే వెళతాయి, కూతుళ్లకి తండ్రిదే. బంగారు రంగు పుంజుకి వెండి రంగు పెట్టని జత కడితే కొడుకులు వెండి, కూతుళ్లు బంగారం. హేచరీల్లో పుట్టిన రోజునే ఆడ మగ విడదీయడానికి ఈ కిటుకు వాడతారు.

రంగుని తీసిపారేయమని కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పల్లెల పెరళ్ల కోసం వనరాజా, గ్రామప్రియ కోళ్లని తయారుచేసినప్పుడు కావాలనే రంగు ఈకలు ఉంచింది. తెల్లకోడి గద్దకి ఇట్టే కనబడుతుంది, పైగా సంతలో రంగుకోడికే నాటుకోడి ధర.

ఇదంతా విని అర్బాబు ఒకటే అడిగాడు, మీ కోడిని ఏమంటారని. అసీలు అన్నాను. ఆయన మొహం విప్పారింది. అది వాళ్ల మాటే, మంచి మూలం ఉన్నదని అర్థం. 2008లో మొదలైన అల్ దఫ్రా ఉత్సవంలో ఒంటెల అందాల పోటీకి లేతరంగు ఒంటెల వర్గం పేరు అసాయెల్, నల్లవాటిది మజాహిం. రంగుని బట్టి వర్గం, అంతే. బహుమతి మాత్రం తల, మెడ, మూపురం, కాళ్లు చూసి ఇస్తారట. ఎంత డబ్బున్నవాడైనా ఫోటో చూసి ఒంటెను కొనడని ఆయన ఎవరినీ చూడకుండా అన్నాడు. నేనూ ఎవరినీ చూడలేదు.

గుడ్లు పట్టుకొచ్చి ఇక్కడే పొదిగిద్దామంది మా చిన్నది. అనుమతుల్లేకుండా సరిహద్దు దాటించకూడదు, బర్డ్ ఫ్లూ రోజులు. అదృష్టం ఏమిటంటే, మైల పోకముందు దాని కొడుకునొకదాన్ని నాన్నగారు పక్క ఊరి మేనమామకి ఇచ్చి ఉన్నారు. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు నేనే మోటార్ సైకిల్ మీద వెళ్లి, కళ్లు మూసుకుని పట్టుకు చూసి, అడిగి తెచ్చాను. పెట్టల్ని కూడా ఒక్కొక్కదాన్నే ఎత్తి చూసి మూడింటిని వేరుచేశాం. నాన్నగారు మంచం మీదనుంచే చెయ్యి చాచి రొమ్ములు తడిమారు. రెండు ఖాయం, ఒకటి వద్దన్నారు.

మొన్న వీడియోలో చూపించారు. పదకొండు పిల్లలు. ఒక్కటీ పర్ల కాదు. మా చిన్నది ఫోన్ లాక్కుని, "తాతయ్యా, రంగు తర్వాత, ముందు కాళ్లు చూపించు" అంది. దసరా దాకా ఆగమన్నారు ఆయన.